పళ్ళ మధ్య సుద్దముక్క

అమ్మ సుద్ద తింటోందని కూతురికి అనుమానం వచ్చింది, రెండో రక్తపరీక్ష కాగితం చేతికొచ్చిన పూటే.

మొదటి పరీక్షలో రక్తంలో కాల్షియం ఎక్కువగా ఉందని తేలింది. ఇలాగే ఉంటే కిడ్నీలో రాళ్ళు చేరతాయని, అమ్మకి ఇప్పటికే ఉన్న మణికట్టు నొప్పి ముదిరి ఎముక విరిగినా విరుగుతుందని డాక్టరమ్మ హెచ్చరించి, కాల్షియం మాత్రలు ఆపమంది. కూతురు ఇంకో అడుగు ముందుకేసి పాలు, పెరుగు కూడా బంద్ చేసింది. రెండు వారాలు కంట్లో వత్తులు వేసుకుని కాపలా కాసింది. తీరా చూస్తే అంకె తగ్గకపోగా ఇంకాస్త పెరిగింది. నోట్లోకి పోనిది ఒంట్లోకి ఎలా వచ్చింది? ఎవరో అబద్ధమాడుతున్నారు. తను కాదు కాబట్టి, అమ్మే.

అమ్మ స్కూలు యూనిఫారాలు కుట్టే షాపులో కటింగ్ మాస్టరు. గుడ్డ మీద గీత గీయగానే సుద్దముక్కను పళ్ళ మధ్య కరిచిపట్టి, ఒక చేత్తో గుడ్డ అదిమి, రెండో చేత్తో కత్తెర నడుపుతుంది. ముప్పై ఏళ్ళ అలవాటు. సుద్దంటే కాల్షియమే కదా అని కూతురి లెక్క. ఎవరికైనా పని పురమాయించాలన్నా సుద్ద తీయదు, పంటి సందులోంచే మాట్లాడుతుంది.

అదే షాపులో కాజాలు కుట్టే కూతురు మర్నాడు అందరికంటే ముందొచ్చి, సుద్దముక్కను టేపుతో కొలిచి చీటీ మీద రాసుకుంది. మధ్యాహ్నం అమ్మ నీళ్ళు తాగడానికి లేచినప్పుడు మళ్ళీ కొలిచింది. అమ్మ ఈమధ్య గంటకో చెంబు తాగుతోంది. అదీ అనుమానమే.

గుండీలు కుట్టే ఆవిడని అందరూ బొత్తాలక్క అంటారు. ఆవిడ చూడనే చూసింది. "ఏమే, సుద్దకి కూడా చొక్కా కుడుతున్నావా, కొలతలు తీస్తున్నావ్?"

కూతురు నవ్వలేదు. పొద్దుటికీ ఇప్పటికీ వేలెడు తగ్గింది. అమ్మ తిరిగొచ్చింది. పెదవుల మీద తెల్లటి పొడి.

"అమ్మా, నిజం చెప్పు. దాన్ని నములుతున్నావా?"

"దేన్నే?"

"సుద్దని."

కుట్టుమిషన్లు ఒక్కొక్కటే ఆగిపోయాయి. అమ్మ నడుం మీద చేయి పెట్టుకుంది. "చిన్నప్పుడు నువ్వు గోడ సున్నం గీరుకు తింటే వీపు చీరేశాను. ఆ కసి ఇప్పుడు తీర్చుకుంటున్నావా?"

అందరూ గొల్లున నవ్వారు. అమ్మా నవ్వబోయింది. అంతలో బల్ల మీది చీటీ ఆమె కంటపడింది. తేదీ, పొద్దుటి కొలత, మధ్యాహ్నపు కొలత.

"నా మీద లెక్క రాస్తున్నావా?" అంది మెల్లగా. ఆ సాయంత్రం కూతురి కోసం ఆగకుండా ఒక్కతే ఇంటికి నడిచి వెళ్ళిపోయింది. అన్నం తానే వడ్డించుకుంది.

కూతురు మాత్రం పట్టు విడవలేదు. మర్నాడు సుద్దముక్కను కాగితంలో చుట్టుకుని డాక్టరమ్మ దగ్గరికి పోయింది.

డాక్టరమ్మ పొట్లం విప్పి చూసి పక్కన పెట్టింది. "దీన్ని కాదమ్మా అనుమానించాల్సింది, మెడని. మెడలో బియ్యపు గింజంత గ్రంథులు నాలుగుంటాయి. రక్తంలో కాల్షియం తగ్గితే అవి ఒక హార్మోను వదులుతాయి. అప్పుడు ఎముకలు తమలోది కాస్త విడిచిపెడతాయి. గుండె కొట్టుకోవాలన్నా, కండ కదలాలన్నా ఆ కాల్షియం సరిగ్గా ఉండాలి. సరిపడా చేరగానే గ్రంథులు ఊరుకోవాలి. బయటినుంచి సుద్ద పోతుంటే మీ అమ్మకి ఆ హార్మోను అడుగంటి ఉండేది. రెండో పరీక్షలో అదీ చూశాం, ఎక్కువగా ఉంది. ఒక గ్రంథి ఉబ్బి, కాల్షియం లేదు లేదని ఊరికే అరుస్తోంది."

"అయితే అమ్మ ఏమీ తినలేదా? నేను పాలు, పెరుగు కూడా ఆపేశానే!"

"తినలేదు. పాలెందుకు ఆపారు? నేను మాత్రలేగా ఆపమంది? బయటినుంచి రాకపోతే ఎముకల్ని ఇంకా తోడేస్తుంది. ఆపరేషన్ చేసి ఆ గ్రంథి తీసేయాలి."

కూతురు సుద్ద పొట్లం అక్కడే వదిలేసి లేచింది.

ఇంటికొచ్చి గ్లాసుడు పాలు కాచి అమ్మ ముందు పెట్టింది. అమ్మ ముట్టలేదు.

"నిన్న దాకా విషం. ఇవాళ అమృతమా? ఇందులో ఏం కలిపావ్?"

"అమ్మా, తప్పు నాదే. నువ్వేమీ తినలేదట. మెడలో ఒక గ్రంథి చెడిందట, తీసేయాలట."

"నిన్న నేను దొంగని. ఇవాళ నా మెడ దొంగా? రేపు ఇంకేం కోస్తారు?"

కూతురు అమ్మ పక్కన కూర్చుంది. తనకు అర్థమైనట్టే చెప్పింది. "మన షాపులో సూపర్‌వైజరుంది అనుకో. గుడ్డ తక్కువైతే అరవడం ఆమె పని. తానులు గుట్టగా పడున్నా, గుడ్డ లేదు గుడ్డ లేదని అరిచి, కుట్టేసిన చొక్కాలు విప్పిస్తోంది అనుకో…"

"కుట్టేసినవా!" అమ్మ ముఖం కందగడ్డయింది. తన మణికట్టు వైపు చూసుకుంది. "నా చొక్కాలా విప్పుతోంది?"

"నీవే."

"అలాంటిదాన్ని ఒక్క పూట కూడా ఉంచకూడదు," అంది అమ్మ. పాలగ్లాసు అందుకుని వాసన చూసి, కూతురి వైపు జరిపింది. "ముందు నువ్వో గుక్క తాగు."

కూతురు తాగింది. అమ్మ ఆమె గొంతు కదిలేదాకా చూసి, మిగతావి తాగింది.