సంతనాటి మాత్ర

"సంతనాడు ఒక్కటి ఏసుకో" అని భార్యకు చెప్పినప్పుడు యేసయ్య తన తెలివికి తానే మురిసిపోయాడు. పుష్పమ్మకు వారాల పేర్లు గుర్తుండవు గానీ సంతలను మరచిపోదు. వనపర్తి డాక్టరమ్మ మాత్రం మరీ మరీ చెప్పింది: కీళ్లవాతానికి ఇస్తున్నా ఇది కాన్సర్‌కు వాడే మందు, వారానికి ఒక్కటే, నోరు పూసినా జ్వరమొచ్చినా ఆపేసి వెంటనే రావాలి. ఎనిమిది వారాలకని నాలుగేసి మాత్రల పట్టీలు రెండు ఇచ్చింది.

పదిరోజులైంది. పొద్దున బీడీల కోసం రేకు డబ్బా తెరిస్తే ఖాళీ పట్టీ కనిపించింది. రెండోది లేనేలేదు. నాలుగు వారాల మందు పది రోజులకే అయిపోయింది. మూడు రోజులుగా ఆమె నోరు మండుతోందని గంజి మీదే ఉంటోంది. "అమ్మే మిరపకాయలు నువ్వే తింటున్నవా ఏంది?" అని నవ్విన పెద్దమనిషి ఇతగాడే.

ఆమె తొలి బస్సుకే ఎండుమిరప మూటతో కోడేరు సంతకు పోయింది. యేసయ్య చొక్కా గుండీలు తప్పుగా పెట్టుకుని వీపనగండ్ల రోడ్డు మీదికి ఉరికాడు. కోడేరు పోయే జీపు నిండితే గానీ కదలదన్నాడు డ్రైవరు. యేసయ్య ఎక్కాడు, దిగాడు, మళ్లీ ఎక్కాడు.

"జర పోనియ్యన్నా, పానం మీదికొచ్చింది!"

పుష్పమ్మ మాత్ర వేసుకునేది మధ్యాహ్నం గంజి తాగాకే. దారి పొడుగునా అతను ఎండనే చూస్తూ కూర్చున్నాడు.

సంతలో మిరప రాశి వెనుక ఆమె అరచేతిలో మాత్ర పట్టుకుని ఉంది. యేసయ్య ఆ చేతి మీద ఒక్క దెబ్బ కొట్టాడు. మాత్ర ఎగిరి మిరపకాయల్లో పడింది.

"ఏందయ్యా, పిచ్చి లేసిందా?"

"ఎన్ని మింగినవే?"

"సంతకొకటి. ఆరు మింగిన, ఇది ఏడోది."

"నేనన్నది మనూరి సంతనే! వారానికి ఒక్కటే!"

పగిలిన పెదాలతో ఆమె మెల్లగా అంది: "మనూరి సంత నీకు. నేను ముప్పై ఏండ్ల సంది ఐదూర్లు తిరుగుతున్న. నాకు సంత లేని దినమెప్పుడున్నది?"

యేసయ్యకు సిగ్గుతో ఏడుపొచ్చింది. మూటను పక్కన ఉల్లిగడ్డలమ్మే మణెమ్మకు అప్పగించి, పుష్పమ్మను లేపాడు. ఒళ్లు కాలిపోతోంది. వనపర్తి దవాఖానకు ఆటో మాట్లాడి ఎక్కించాడు.

ఆమె కళ్లు మూతపడుతుంటే భయపడి పలకరించాడు: "రేపు నీది ఏ ఊరి సంత?"

ముప్పై ఏళ్లలో ఆ మాట అడగడం అదే మొదలు.

"ముందుగాల నన్ను బతికించు" అంది పుష్పమ్మ. "అటెన్క చెప్త."