బియ్యప్పిండి మంచు

శేషగిరి ఆఫీసులో ఎంత పెద్దమనిషో ఇంట్లో బొమ్మల దగ్గర అంత పసివాడు. సిడ్నీ శివార్లలోని స్కోఫీల్డ్స్‌లో ఇల్లు కొన్న నాటి నుంచి గరాజ్‌లో కారు పెట్టిన పాపాన పోలేదు. అక్కడంతా చిట్టి ట్యాంకులు, వేలెడంత సైనికులు. యాభై ఏళ్లొచ్చాక ఈ బొమ్మలాటేమిటని భార్య కనకదుర్గ విసుక్కుంటుంది. ఆయన వింటే కదా!

ఈసారి మాత్రం ఆవిడ కూడా ఏమీ అనలేదు. ఎందుకంటే ఇప్పుడు కడుతున్న యుద్ధభూమి బొమ్మ పక్కింటి మార్గరెట్ కోసం. అమెరికాలో పుట్టి, పెళ్లయ్యాక సిడ్నీ వచ్చి స్థిరపడిన డెబ్బై ఎనిమిదేళ్ల మనిషి. రెండో ప్రపంచ యుద్ధంలో, 1944 డిసెంబరులో, బెల్జియంలోని బాస్టోన్ అనే ఊళ్లో జర్మన్లు చుట్టుముట్టిన అమెరికన్ సైనికుల్లో ఆవిడ తండ్రి ఒకడు. చుట్టూ అడవి, ఎటు చూసినా మంచు, తలదాచుకోవడానికి నేలలో తవ్వుకున్న గుంత. ఆ చోటు ఎలా ఉండేదో ఒక్కసారి చూడాలని మార్గరెట్‌కి ఎన్నాళ్లుగానో ఆశ. అంత దూరం వెళ్లే ఓపిక ఇక లేదు. శనివారం ఈ ఇల్లు ఖాళీ చేసి పెర్త్‌లో కొడుకు దగ్గరికి వెళ్లిపోతోంది. శుక్రవారం సాయంత్రం టీకి రండి, చూపిస్తానని శేషగిరి మాటిచ్చాడు.

ఆరు నెలలు కూర్చుని చెట్లూ గుంతలూ కూలిన గోడలూ అన్నీ చేశాడు. తీరా గురువారం చూసుకుంటే మంచు పొడి డబ్బా ఖాళీ. ఏం చెయ్యాలా అని తల గోక్కుంటూ వంటింట్లోకి వెళితే, ధనుర్మాసం ముగ్గులకని కనకదుర్గ తెచ్చుకున్న బియ్యప్పిండి కనబడింది. తెల్లగా, మెత్తగా, అచ్చం మంచే. జల్లెడ పట్టి చల్లేశాడు. తన తెలివికి తనే మురిసిపోయి హాయిగా నిద్రపోయాడు.

మర్నాడు ఆఫీసు నుంచి త్వరగా వచ్చి గరాజ్ తలుపెత్తి, కెవ్వున కేక పెట్టాడు. నలభై డిగ్రీల సిడ్నీ వేసవి ఎండకి ఆ మంచు నిండా చీమలు! ట్యాంకుల మీదుగా, సైనికుల కాళ్ల మధ్యగా, బారులు తీరి పిండి మోసుకుపోతున్నాయి.

కేక విని వచ్చిన కనకదుర్గ నవ్వాపుకోలేక స్టూలు మీద కూలబడింది. "ఏమండీ, బియ్యప్పిండితో ముగ్గేసేదే చీమలు తింటాయని కదా. మీకు తెలీదా ఏంటి?"

తెలుసు. చిన్నప్పటి నుంచీ తెలుసు. మందు కొడదామంటే రంగులు పాడవుతాయి, ఊడుద్దామంటే చెట్లు విరుగుతాయి. ఇంతలో బెల్లు మోగింది. మార్గరెట్ అరగంట ముందే వచ్చేసింది.

శేషగిరి గబగబా దుప్పటి కప్పి, ఇంకా పూర్తి కాలేదని నసిగాడు. సగమైనా ఫరవాలేదు, రేపు నేనుండను కదా అందావిడ. ఇక చేసేదేం లేక దుప్పటి తీశాడు. ఆవిడ చాలాసేపు వంగి చూసింది. ఆయనకి సిగ్గుతో ప్రాణం పోయినంత పనైంది. అది మంచు కాదని, బియ్యప్పిండి అని, తప్పంతా తనదేనని ఒప్పేసుకున్నాడు.

"పిండా?" మార్గరెట్ వేలితో కొంచెం అద్దుకుని చూసింది. "ఆ యుద్ధం గురించి నాన్న నాకు చెప్పింది ఒక్కటే. తిండి లేక మాడిపోతుంటే ఎవరి కొట్టంలోనో పిండి బస్తాలు దొరికాయట. ప్యాన్‌కేక్‌లు చేసుకుని తిన్నారట. నన్ను బతికించింది ఆ పిండే అనేవాడు. ఏటా క్రిస్మస్‌కి అవే ప్యాన్‌కేక్‌లు తనే చేసేవాడు, పొయ్యి దగ్గరికి ఇంకెవర్నీ రానిచ్చేవాడు కాదు."

కనకదుర్గ లోపలికి వెళ్లింది. మిగిలిన పిండిలో ఉప్పు, జీలకర్ర వేసి పల్చగా కలిపి పెనం పెట్టింది. వేడి వేడి అట్లు మార్గరెట్ మూడు తింది, అంచుల కరకర బావుందని మెచ్చుకుంది. ఆరు నెలల కష్టం వృథా పోలేదని శేషగిరికి కడుపు నిండినట్టయింది.

నాలుగో అట్టు అడిగి తీసుకుని ఆవిడ మళ్లీ గరాజ్‌లోకి నడిచింది. చిన్న ముక్క తుంచి, గుంతలో ముడుచుక్కూర్చున్న సైనికుడి పక్కన పెట్టింది.

"తిను నాన్నా. చల్లారిపోతుంది."

ఇంకా చీమలొస్తాయని శేషగిరి అనబోయి, ఊరుకున్నాడు.