పులిపిరి పొట్లం

మే నెల మొదటి ఆదివారం ఉదయం పదిన్నరకు, మిల్టన్ కీన్స్‌లో తెలుగువాళ్లు ఆరాధనకు కూడుకునే హాలు వెనక, ఎలిజబెత్ ఆంటీ ఒక గిఫ్టు పొట్లం విప్పింది. లోపల గులకరాళ్లు ఉన్నాయి.

హాలు కిటికీలోంచి ఫెబా చూసింది. ఆ రాళ్లు ఆమె పెట్టినవే. ఆంటీ ఆమెకు కాబోయే అత్త.

గొడవంతా ఫెబా ఉంగరపు వేలి మీది పులిపిరితో వచ్చింది. ఆంటీ కొడుకు అనూప్ నిశ్చితార్థానికి కొన్న ఉంగరం దాని దగ్గరే ఆగిపోతోంది. దానంతటదే పోతుంది, నెలలు పట్టొచ్చు అన్నాడు జీపీ డాక్టరు. ఆంటీ ఒప్పుకోలేదు.

"ఫొటోల్లో ఆ వేలు పడితే మా గుంటూరు చుట్టాలు నన్ను బతకనిస్తారా? గుర్రపు వెంట్రుక కట్టు, రాలిపోద్ది. లేదంటే నిశ్చితార్థం క్రిస్మస్ దాటాకే."

"గుర్రం ఎక్కడ దొరుకుద్ది ఆంటీ?"

"ఇంగ్లండులో గుర్రాలకు కరువొచ్చిందా?"

ఫెబా పనిచేసే వృద్ధుల కేర్ హోమ్‌లో బ్రైడీ అనే ఐరిష్ ముసలావిడ ఉంది. ఫెబా తన తల దువ్వుతుంటే ఆమె ఆ వేలు చూసింది.

"గులకరాళ్లు తెచ్చి దానికి రుద్దు. పొట్లం కట్టి నాలుగు దారులు కలిసేచోట వదిలెయ్. విప్పినవాళ్లకు అంటుకుంటుంది. మంచి కాగితం చుట్టు, న్యూస్‌పేపర్ చుడితే ఎవరు తీస్తారు? నాకు మాత్రం థాంక్స్ చెప్పకు. చెబితే పనిచెయ్యదు."

ఫెబా నోటిదాకా వచ్చిన మాట మింగేసింది.

మిల్టన్ కీన్స్‌లో నాలుగు రోడ్లు కలిసిన చోటల్లా రౌండెబౌటే, చుట్టూ కార్లు తిరుగుతుంటాయి, నడిచేవాళ్లుండరు. వెతగ్గా వెతగ్గా హాలు వెనక రెండు కాలిబాటలు ఒకదాన్నొకటి దాటే చోటు దొరికితే, ఆ ఆదివారం పొద్దున్నే పొట్లం అక్కడ పెట్టింది.

ఆంటీ ఆ రాళ్లు పట్టుకునే లోపలికి వచ్చింది.

"ఎవరో కానుక పారేసుకున్నారేమో, పేరుంటదని విప్పా. రాళ్లు! ఈ తెల్లోళ్ల పిచ్చి నమ్మకాలకు మనం భయపడతామా?"

"లేదాంటీ."

"అయితే ఇవి పట్టుకో, బైబిలు తీయాలి."

ఫెబా చేతులు వెనక్కి పెట్టుకుంది.

జూన్ చివరికి పులిపిరి పోయింది. జూలైలో నిశ్చితార్థం జరిగింది. ఉంగరం సాఫీగా ఎక్కింది. ఫొటోలన్నిటిలోనూ ఆంటీ కుడిచెయ్యి హ్యాండ్‌బ్యాగు వెనకే ఉంది. చూపుడువేలికి ప్లాస్టరు.

భోజనాలయ్యాక ఆమె ఫెబాను వంటగదిలోకి లాగింది.

"ఆ గుర్రపు వెంట్రుక ఎక్కడ సంపాయించావే?"

"దొరకలేదాంటీ."

"మరెట్టా పోయింది?"

ఫెబా చెప్పింది. రాళ్ల సంగతి, బ్రైడీ సంగతి, కాగితం సంగతి. ఆంటీ తన ప్లాస్టరు వేలు తడుముకుంది.

"కాగితం మెరిసేదే ఉండాలా?"

"మెరిస్తే తొందరగా తీస్తారు."

"థాం..."

ఫెబా అత్తగారి నోటికి చెయ్యి అడ్డం పెట్టింది.

తర్వాతి ఆదివారం కాలిబాటలు కలిసేచోట బంగారు రంగు కాగితం చుట్టిన పొట్లం ఉంది. ఆరాధన ముగిసేసరికి అక్కడ లేదు.