పంచమం తీగ మీద వదంతి

నేను ఒక వీణను. ఎవరూ తాకకపోయినా మోగుతానని, కీర్తిశేషురాలైన రాజ్యలక్ష్మమ్మగారి ఆత్మ వచ్చి నా పంచమం తీగను మీటుతుందని మా విశ్వవిద్యాలయంలో అందరూ నమ్ముతారు. వేసవి సెలవుల్లో తీగలు వదులై నేను మౌనం వహిస్తే, ఆత్మకు కూడా సెలవులేనని సరిపెట్టుకున్నారు.

బొబ్బిలిలో ఒకే పనసదుంగను తొలిచి నన్ను చేశారు. చెక్కినవాడు తీగలకు చోటు చూశాడు గాని, ఆత్మకు చోటు వదిలినట్టు నాకు గుర్తు లేదు. రాజ్యలక్ష్మమ్మగారు ఉద్యోగ విరమణ దాకా నా మీదే పాఠం చెప్పారు. ఆ తర్వాత చాలాకాలం మూలన పడి ఉండి, ఈమధ్యనే కొత్త అధ్యాపకురాలు శర్వాణి ఒడికి చేరాను. సంగీత శాఖకు నేను తప్ప మరో వీణ లేదు.

రిజిస్ట్రారు పరాంకుశంగారు భక్తిపరులు. నన్ను అద్దాల పెట్టెలో ఉంచి, పక్కన దండ వేసిన ఫొటో పెట్టి, నిత్యం దీపం వెలిగించాలని నిర్ణయించారు.

"మరి పిల్లలకు దేని మీద నేర్పను సార్?" అంది శర్వాణి.

"గాత్రం ఉంది కదమ్మా," అన్నారాయన.

ఆవిడ నేరుగా భౌతికశాస్త్ర శాఖకు వెళ్లి మస్తాన్ వలిగారిని వెంటబెట్టుకొచ్చింది. ఆయన నా చుట్టూ తిరిగి, "ఈ తీగను కాస్త వదులు చేయండి మేడమ్," అన్నారు.

"శ్రుతి తప్పించమంటారా? మీ త్రాసును వంచి తూచమంటే తూస్తారా?"

"దొంగను పట్టుకోవాలంటే వంచుతాను."

తీగ వదులైంది, నేను మూగనయ్యాను. మళ్లీ బిగిస్తే కాసేపటికి మోగాను. ఆవిడ ఎంత శ్రద్ధగా శ్రుతి చేస్తే, ఆత్మ అంత హుషారుగా వస్తోందన్నమాట.

అదే స్వరం పలికే యంత్రమేదో దగ్గర్లో ఉండి ఈ తీగను కదిలిస్తోందని వలిగారు తేల్చారు. ఇక ఇద్దరూ వేటకు బయలుదేరారు. యంత్రాన్ని చూపడం ఆయన వంతు, స్వరం చెప్పడం ఆవిడ వంతు. తలుపు తెరిచి ఉండడంతో నాకంతా వినిపిస్తూనే ఉంది.

"ఈ ఫ్యానేమో చూడండి."

"కాదండీ. ఇది జలుబు చేసిన రిషభం."

"జిరాక్సు మిషను?"

"దానికి శ్రుతే లేదు."

గోడకవతల, వృక్షశాస్త్రం వారి ఫ్రిజ్ దగ్గర ఆవిడ ఆగిపోయింది. గోడను ఆనుకొని, ఆగి ఆగి, అది అచ్చమైన పంచమం పలుకుతోంది. దాన్ని గోడ నుంచి జానెడు ముందుకు లాగారు. నా మోత ఆగింది.

పరాంకుశంగారు తొణకలేదు. "ఆత్మకు ఏదో ఒక ఆధారం ఉండాలి కదా వలిగారూ. ఫ్రిజ్ నిమిత్తమాత్రం," అన్నారు. మర్నాడే పెట్టె బిగిస్తామని చెప్పి, దండ వేయడానికి మంచి ఫొటో తెప్పించే పని శర్వాణికే పురమాయించారు.

ఆవిడ దిగులుగా నా పక్కనే కూర్చుని, వలిగారి ఎదుటే విజయనగరంలో రాజ్యలక్ష్మమ్మగారి కూతురికి ఫోన్ చేసి, స్పీకరు పెట్టి సంగతంతా చెప్పింది. అవతల పలికింది మాత్రం కూతురు కాదు.

"దండకా? పాత ఫొటోలెందుకమ్మా, రేపు నేనే వస్తాను. వీణను మాత్రం పెట్టెలో పెట్టనివ్వకు. పిల్లల చేతులు పడకపోతే అది వట్టి కొయ్య."

ఆ గొంతును నేను వెంటనే గుర్తుపట్టాను. పండితులిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మనిషి ఉందా లేదా అన్నది తన శాస్త్రంలోకి రాదని ఇన్నాళ్లూ ఆయన అనుకున్నారు. అడగడం మర్యాద కాదని ఆవిడ అనుకుంది. సంగతి విన్న పరాంకుశంగారు పెట్టె బిగించే మనిషిని గుమ్మంలోంచే వెనక్కి పంపారు.

రాజ్యలక్ష్మమ్మగారు బతికే ఉన్నారు.