లిఫ్టులో నా గొంతు

రైల్వే స్టేషన్లో మైకు ముందు కూర్చుని ఏ బండి ఎప్పుడొస్తుందో చెప్పడం నా ఉద్యోగం. స్టేషన్లో నా పేరు ఎవరికీ గుర్తులేదు, అందరికీ నేను మైకునే. మైకు ముందున్నా లేకపోయినా నోరు మూతపడని మనిషిని కాబట్టి ఆ పేరుతో నాకూ పేచీ లేదు. అలాంటి నాకు గొంతులో బుడిపె లేచింది. వారం రోజులు ఒక్క మాట కూడా పలకొద్దని, పలికితే ఉన్న గొంతు కూడా పోతుందని డాక్టరు బెదిరించాడు.

అదే వారం మరమ్మతులకని స్టేషన్ మూసేశారు. మా స్టేషన్లో ఆడవాళ్ళందరికీ ఇలాంటి పేర్లే. నాతోపాటు మైకు డ్యూటీ చేసే గడియారం, టిక్కెట్ల కిటికీలో కూర్చునే పొట్టి, ఇద్దరూ కలిసి నన్ను నగరం చూడ్డానికి లాక్కొచ్చారు.

"దీన్ని ఇంట్లో వదిలితే పాపతో మాట్లాడకుండా ఉండగలదా?" అంది గడియారం. నిజమే. నా ఐదేళ్ళ కూతురు పొద్దున్నే నేను కథ చెబితేగాని పాలగ్లాసు ముట్టదు. దాన్ని నాయనమ్మకి అప్పగించి, ఒక పలక సంచిలో వేసుకుని బయల్దేరాను.

హోటల్లో లిఫ్టు ఎక్కాం. "దయచేసి తలుపులకు దూరంగా నిలబడండి" అని వినిపించింది. అది నా గొంతు. మాటకి ముందు చిన్నగా ఊపిరి మింగడం నా చెడ్డ అలవాటు. పైఅధికారులు ఎంత తిట్టినా పోలేదు. ఆ మింగుడుతో సహా అచ్చంగా నా గొంతే.

"అమ్మ దొంగా! మాకు చెప్పకుండా బయట పనులు కూడా చేస్తున్నావన్నమాట!" అని పొట్టి నా వీపు మీద చరిచింది.

నేను కాదని పలక మీద రాశాను.

"ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడు. మన స్టేషన్ రికార్డింగులు ఎవడో అమ్ముకునుంటాడే," అంది గడియారం. ఆ మాటతో నా మనసు కాస్త కుదుటపడింది.

మర్నాడు మధ్యాహ్నం బజారంతా తిరిగి చేతినిండా సంచులతో వచ్చాం. లిఫ్టు ఊపిరి మింగి, "పొట్టీ, ఆ సంచి లోపలికి లాక్కోవే. చిరిగితే మళ్ళీ మీ ఆయన జేబుకే చిల్లు, పాపం!" అంది.

నేను సంచులు కిందపెట్టి, ఆ మాట ఎక్కణ్ణుంచి వచ్చిందోనని లిఫ్టు గోడలన్నీ వెతికాను. వాళ్ళిద్దరూ మాత్రం ఒకర్నొకరు పట్టుకుని పగలబడి నవ్వారు. "అచ్చం నువ్వేనే!" అంటూ పొట్టి కళ్ళు తుడుచుకుంది. భయపడాల్సిన చోట నవ్వుతున్న ఆ ఇద్దరినీ చూస్తే నాకు ఇంకా భయమేసింది. ఇంటికి వెళ్ళిపోదామని పలక మీద రాసి చూపించాను. ఎవరూ నావైపు చూడలేదు. లిఫ్టు ఇంకా ఏదో చెబుతోంది, వాళ్ళు వింటున్నారు.

ఆ తర్వాత వాళ్ళకి నగరంతో పని లేకపోయింది. నా ఎదురుగా కూర్చుంటే ఏముంటుంది, మూగనోము తప్ప! టీ తాగొస్తామని చెప్పి వెళ్ళేవాళ్ళు. ఎంతకీ రాకపోతే నేను వసారాలోకి వెళ్ళి చూసేదాన్ని. లిఫ్టు పైకీ కిందికీ తిరుగుతూ ఉండేది. లోపలినుంచి ముగ్గురి నవ్వులు వినిపించేవి.

"నువ్వేమీ అనుకోకే. నీతో కబుర్లాడి ఎన్నాళ్ళయిందో!" అంది గడియారం ఒకసారి, నా మొహం చూడకుండానే. ఒళ్ళు మండిపోయింది. నోరు విప్పి కడిగేద్దామంటే డాక్టరు గుర్తొచ్చాడు. కక్కలేక మింగలేక అలాగే కూర్చున్నాను.

తిరుగు ప్రయాణం రోజు పొద్దున మా ఆయన మెసేజి పెట్టాడు. "గొంతు వచ్చేసిందిగా, హమ్మయ్య! పాప నీ కథలు వింటూ మా అమ్మ ఫోన్ వదలట్లేదు. పాలు కూడా మారుమాట లేకుండా తాగేసింది."

నేను ఎవరికీ ఫోన్ చెయ్యలేదు.

డాక్టరు పెట్టిన గడువు ఇంకా తీరలేదు. పోతే పోయిందనుకుని మా ఆయన నంబరు నొక్కాను. పాపే ఎత్తింది.

"బుజ్జీ," అన్నాను. మాడిన గిన్నె అడుగు గీకినట్టు వచ్చింది నా గొంతు. మళ్ళీ అన్నాను. "బుజ్జీ, నేనేనమ్మా. అమ్మని."

అటు పాప పక్కనే, ఇంకో ఫోన్లోంచి, కథ సాగుతోంది. నేను ఊరొచ్చేముందు సగంలో ఆపేసిన ఎలుగుబంటి కథ. చివరికొచ్చింది.

"మీరెవరండీ?" అంది నా కూతురు, కొత్తవాళ్ళతో మర్యాదగా మాట్లాడమని నేనే నేర్పినట్టు. "మా అమ్మ నాకు కథ చెప్తోందండీ. మీరు తర్వాత చెయ్యండి."