ఇద్దరు బాబాయిలు

దర్జీకి ఒళ్ళు మండిపోతోంది. మండదూ మరి! కొట్లో అన్నకూతురు ‘బాబాయ్’ అని పిలిస్తే ఇస్త్రీబల్ల దగ్గరి మనిషి కూడా తలెత్తుతున్నాడు.

అతనూ బాబాయే, కాదనడానికి లేదు. పిల్లకి పిన్ని మొగుడు. నాన్న తమ్ముడికైనా పిన్ని మొగుడికైనా పిలుపు ఒకటే. లోకంలో ఎవరూ దానికి కొట్టుకు చావరు. దర్జీ మాత్రం కొట్టుకు చచ్చాడు. సూదిలో దారం ఎక్కించడం దగ్గర్నుంచి కోటు కత్తిరించడం దాకా పిల్లకి నేర్పింది తను. నిన్నగాక మొన్న ఊడిపడి నాలుగు చొక్కాలు ఇస్త్రీ చేసిన పెద్దమనిషికీ అదే పిలుపా?

“ఆయన్ని ఇంకేదైనా అని పిలవచ్చుగా?” అన్నాడు ఒకరోజు ఉండబట్టలేక.

“ఏమని పిలవను? బాబాయే కదా బాబాయ్!” అని నవ్వేసింది పిల్ల. ఇస్త్రీ బాబాయి కూడా నవ్వాడు. అది ఇంకా మంట.

ఆ కొట్లో ఒక పద్ధతి ఉంది, దర్జీ పెట్టిందే. గుడ్డ మీద గీసినవాళ్ళు రెండో మనిషికి చూపించకుండా కత్తెర పెట్టకూడదు. ఆవేళ పిల్ల మఖమల్ కోటు గీసింది. గుడ్డ సరిగ్గా ఒక్క కోటుకే ఉంది.

“బాబాయ్, ఒకసారి చూడు!”

దర్జీ కుర్చీలోంచే చూశాడు. చేతి నమూనా కాగితాన్ని తిరగెయ్యకుండా రెండుసార్లూ ఒకేలా పెట్టి గీసేసింది. రెండూ ఎడమచేతులే! మఖమల్ కాబట్టి ముక్క తిరగేసి కుట్టడానికీ లేదు. ఒక్క మాట అంటే సరిపోయేది. కానీ అప్పటికే ఇస్త్రీ బాబాయి లేచి బల్ల దగ్గరికి వెళ్ళాడు. ‘చూడనీ! పెద్ద బాబాయి బయల్దేరాడు’ అనుకుని, దర్జీ తల వంచుకుని కాజా కుట్టుకున్నాడు.

“బ్రహ్మాండంగా ఉందమ్మా” అన్నాడు ఆ అమాయకుడు. కత్తెర నడిచింది.

సాయంత్రం చేతులు అతికించబోయి పిల్ల నీరుకారిపోయింది. ఇస్త్రీ బాబాయి, “నాదే తప్పమ్మా, నాకు తెలీదని చెప్పాల్సింది” అని తల పట్టుకున్నాడు.

దర్జీ ఊరుకుంటే బాగుండును. “నన్ను పిలిస్తే పట్టేసేవాణ్ణిగా! కూర్చున్నచోటికే కనబడింది” అన్నాడు. అన్నాక నాలిక కరుచుకున్నాడు.

“కనబడిందా?” అంది పిల్ల. “కనబడీ ఊరుకున్నావా?”

“ఏ బాబాయిని పిలిచావో నాకేం తెలుసు?”

పిల్ల ముక్కలు మడిచి లోపల పెట్టింది.

మర్నాడు దర్జీ అందరికంటే ముందే వచ్చి, ఆమె బల్ల మీద కత్తెర సానపట్టి పెట్టాడు. పిల్ల లోపలికి వచ్చింది. ఎలా పిలుస్తుందోనని అతని ప్రాణమంతా చెవుల్లోకి వచ్చింది.

“కాస్త జరుగుతారా మాస్టారూ? బల్ల తుడవాలి.”