తవిటినాయుడు మేష్టారి గులాబీ రంగు

నిటారుగా నిలబడడం రాజలక్షణం. నిలబెట్టడానికి ఇనుప స్టాండు కావలసివచ్చినంత మాత్రాన ఆ లక్షణానికి లోటు రాదు; ఏ రాజు మాత్రం తన కాళ్ళ మీద తాను నిలబడ్డాడు గనక! నేను ఒక బ్యూరెట్టును, ద్రవాన్ని చుక్కలుగా కొలిచి వదిలే గాజు గొట్టాన్ని. ఒంటినిండా గీతలు, అడుగున గాజు బిరడా, కడుపులో క్షారం. ఎక్కడో ఉత్తరాదిన కొలిమిలో పుట్టి, గడ్డి నింపిన పెట్టెలో ప్రయాణించి, పార్వతీపురం దగ్గరి ఒక జూనియర్ కళాశాల ప్రయోగశాలలో పట్టాభిషిక్తుడినయ్యాను.

నా కింద గాజు కుప్పెలో, నీళ్ళలో కరిగిన ఆమ్లం ఉండేది. నేను క్షారాన్ని చుక్కచుక్కగా వదిలేవాడిని. పుట్టు శత్రువులైన ఆ రెండూ నీళ్ళలో కలుసుకుని ఉప్పూ నీరూ అయిపోయేవి. మనుషుల తగాదా ఏదీ అంత శుభ్రంగా ముగియగా నేను చూడలేదు. ఆమ్లం పూర్తిగా అణగిందనడానికి సాక్షి, కుప్పెలో ముందే వేసిన రెండు చుక్కల ఫినాఫ్తలీన్: అంతవరకు రంగులేని నీరు, ఒక్క చుక్క క్షారం ఎక్కువైతే చాలు, లేత గులాబీకి తిరిగేది.

రసాయనశాస్త్రం చెప్పే తవిటినాయుడు మేష్టారి కంటికి ఆ గులాబీ ఆనేది కాదు. ఆయనకది వట్టి నీరే. ఈ రహస్యాన్ని ఆయన ఎవరికీ చెప్పలేదు, విద్యార్థులందరికీ తెలుసు. ఆయన కిటికీ వైపు తిరిగి “వచ్చీసిందా?” అని అడిగేవారు. పిల్లలు వచ్చిందనేవారు. విద్యార్థి కంటినే నమ్మే ఈ బోధనా పద్ధతికి జిల్లాలో గొప్ప పేరుండేది.

ఆయన పదవీ విరమణకు ముందటి చివరి ప్రాక్టికల్ పరీక్షలో నేను నూకరత్నం అనే అమ్మాయి బల్ల మీద ఉన్నాను. సరైన చుక్క దగ్గర ఆపింది. గులాబీ వచ్చింది. అయితే బయటి ఊరి పరీక్షకుడు పక్క గదిలో పెసరట్టుతో తీరిక లేకుండా ఉన్నారు. ఈలోగా గాలిలోని బొగ్గుపులుసు వాయువు కుప్పెలోని నీళ్ళలో కరిగి, తానూ ఒక చిన్న ఆమ్లమై, రంగును మెల్లగా మింగేసింది.

పరీక్షకుడు వచ్చి కుప్పె ఎత్తి చూశారు. రంగు లేకపోతే మార్కులు లేవన్నారు. తరవాత పెద్దరికంగా, “మేష్టారూ, మీరు చూసి చెప్పండి. రంగుందా, లేదా?” అన్నారు.

లేదంటే పిల్ల తప్పుతుంది. రంగు పోయిన నీళ్ళను చూసి ఉందంటే ముప్ఫై ఏళ్ళ రహస్యం అందరి ముందూ బయటపడుతుంది. మేష్టారు కళ్ళద్దాలు తీసి తుడవడం మొదలుపెట్టారు, ఎంతకీ ముగించలేదు.

పరీక్షలో నోరు విప్పకూడదు. నూకరత్నం విప్పింది.

“మేష్టారినేటి అడుగుతారు సార్? ఇంకొక్క చుక్క ఒగ్గండి. గులాబీ రాకపోతే నాకు సున్నా ఏసీయండి.”

పరీక్షకుడు స్వయంగా నా బిరడా తిప్పారు. నా జీవితంలో అంత ఆలోచించి రాల్చిన చుక్క మరొకటి లేదు. అది పడింది, కుప్పె తిప్పగా గులాబీ నీరంతా పరుచుకుని నిలిచింది. పరీక్షకుడు మార్కులు వేశారు.

మేష్టారు కిటికీ వైపు తిరిగారు. చాలా మెల్లగా, “వచ్చీసిందా?” అన్నారు.

నిబంధన మరిచి గదిలోని వారంతా ఒక్క గొంతుతో అన్నారు: “వచ్చీసింది సార్.”

ఆ సంబరంలో నన్ను కడగడం ఎవరికీ గుర్తు రాలేదు. లోపల మిగిలిన క్షారం గాజును కొరికి బిరడాను బిగించేసింది. అది మళ్ళీ తిరగలేదు.